గుర్రాల క్యాసెట్టు

మొన్న ఆదివారం మా మనవరాలు కాలేజీ నుంచి వచ్చి, మూటెడు బట్టలు వాషింగ్ మెషిన్ ముందు పడేసి, నా పక్కన సోఫాలో కూలబడి టీవీ పెట్టింది. నేను చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. "అమ్మమ్మా, ఇది చూడు. కౌబాయ్స్. కానీ వీళ్ళు యాక్టర్స్ కాదు, అందరూ సింగర్స్. కంట్రీ మ్యూజిక్. ఓల్డ్ టీవీ మూవీ, మా క్లాస్‌కి పేపర్ రాయాలి" అంది. దాని తెలుగు అంతే, ముక్కలు ముక్కలుగా వస్తుంది. వచ్చినంతవరకు సంతోషం. నేను తల ఎత్తకుండానే ఊఁ కొట్టాను. ఇంతలో గుర్రపు డెక్కల చప్పుడు, దాని వెనకాలే గిటారు. తల ఎత్తి చూద్దును కదా, ఎర్రమట్టి గుట్ట దిగుతూ ముగ్గురు దొంగలు. ముందు గడ్డపాయన, వెనక నల్లకోటాయన, ఆ వెనక ఎప్పుడూ ఏదో నములుతూ ఉండే కుర్రదొంగ. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. "రైలు దోచుకుని ఏరు దాటతారు, అక్కడికి పోనీ" అన్నాను. పిల్ల నోరు తెరిచి, "నువ్వు ఇది చూశావా? నువ్వా?" అంది. సగం చూశానే అన్నాను.

ఏరు వచ్చింది. దొంగలు దాటిపోయారు. వాళ్ళని తరుముతూ పది పన్నెండు గుర్రాలు నీళ్ళలోకి దిగాయి. అన్నిటికంటే చివర, నొసట తెల్లచుక్క ఉన్న గోధుమరంగు గుర్రం మీద ఒక మనిషి. గాలికి టోపీ ఎగిరింది. ఆ మనిషి జీను మీంచి పక్కకి వాలిపోయి, నీళ్ళలో పడబోయేదాన్ని గాల్లోనే అందుకుని, తలమీద పెట్టుకుని పోయాడు. రెండు గుక్కల కాఫీ తాగినంతసేపు ఉండదు మొత్తం. "ఆపు" అన్నాను. పెద్ద చెవులు, కొంచెం వంకర ముక్కు. ఆయనే. వయసులో ఉన్నప్పటి ముఖం, నేను ఎన్నడూ చూడని ముఖం. "హూ ఈజ్ దట్, అమ్మమ్మా?" అంటే, మన పక్కింటాయన అన్నాను. పక్కింట్లో ఇప్పుడుండేది వేరేవాళ్ళు. దానికి ఈయన సంగతి తెలీదు. తెలీకుండా నేనే చూసుకున్నాను. దానికి నోటితో చెప్పడం చేతకాక, కూర పొయ్యిమీద పడేసి వచ్చి ఇక్కడ కూర్చుని రాస్తున్నాను.

మేం అమెరికాలో ఈ నోవై ఊరికి వచ్చింది మా అమ్మాయి పురిటికి. ఆర్నెల్లు ఉండి పోదామని వచ్చినవాళ్ళం, పిల్లని చూసేవాళ్ళు లేక ఉండిపోయాం. కాగితాల పనులన్నీ అల్లుడే చూసుకున్నాడు. నాకేం, వంటిల్లు ఎక్కడున్నా వంటిల్లే. పెరుగు డబ్బాలు కడిగి పప్పులు పోసుకోవడం, జిప్పు సంచులు ఉతికి కుళాయి మీద బోర్లించడం, ఉతికిన బట్టలు ఆ వేడి మెషిన్లో వెయ్యకుండా బేస్‌మెంట్‌లో తాడు కట్టి ఆరెయ్యడం, వీటితో పొద్దుపోయేది. మా అమ్మాయి "అమ్మా, అమెరికాలో ఇవన్నీ అవసరం లేదమ్మా" అనేది. పారెయ్యడానికి అమెరికా అయితే ఏమిటి, ఆముదాలవలస అయితే ఏమిటి అనేదాన్ని. పొద్దుపోనిది మావారికి. ముప్పై ఏళ్ళు బస్సు తోలిన మనిషి. పొద్దున్నే లేచి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, డ్యూటీకి పోతున్నట్టు వచ్చి కిటికీ దగ్గర కూర్చునేవారు. ఎదురుగా రోడ్డు. రోడ్డు మీద మనిషన్నవాడు లేడు.

పక్కింటాయన పరిచయం అయింది ఉలవల వల్ల. మావారి తండ్రి తెనాలి స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు. ఈయన చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి గుర్రానికి గడ్డి కోయడం, ఉలవలు ఉడకేసి పెట్టడం, గోనెపట్టాతో ఒళ్ళు రుద్దడం, ఇదే పని. ఓ రోజు నేను ఉలవచారు కాద్దామని ఉలవలు ఉడకేస్తుంటే తలుపులు తీసి ఉన్నాయి, ఆ వాసన బయటికి పోయింది. పక్కింటాయన తన పెరట్లో గడ్డి కోసే మెషిన్ ఆపి, ముక్కుపుటాలు ఎగరేసుకుంటూ కంచె దాకా వచ్చాడు. మావారు గుప్పెడు ఉలవలు తీసుకెళ్ళి చూపించి, "హార్స్. ఫుడ్. మై ఫాదర్, హార్స్" అన్నారు. ఆయన ముఖం వెలిగిపోయింది. కార్ల ఫ్యాక్టరీలో చేసి రిటైరైన మనిషే గానీ, వయసులో ఉండగా దక్షిణాదిన ఎక్కడో బంధువుల దగ్గర గుర్రాలు సాకాడట. ఆ పూట ఉలవచారు తాగించి, "దిస్ సేమ్. హార్స్ ఫుడ్. నౌ యు" అని మావారు చెబితే, ఆయన గిన్నె కింద పెట్టి, తల విదిలించి, అచ్చం గుర్రంలా సకిలించాడు. మా అమ్మాయి పడీ పడీ నవ్వింది. నాకు మాత్రం నా చారుని గుర్రాలదాణా అంటారేమిటని చిర్రెత్తుకొచ్చింది.

అక్కడినుంచి ఇద్దరూ ఒకటే. మావారికి వచ్చిన ఇంగ్లీషు ముప్పై నలభై మాటలు, ఆయనకి వచ్చిన తెలుగు ఒకే మాట. మావారు ఆయన్ని "బావా" అని పిలిచేవారు. అది గౌరవమో బిరుదో అనుకుని ఆయన కూడా ఈయన్ని "బావా" అనేవాడు. కళ్ళేలు ఎలా బిగించాలో, నాడా ఊడిన గుర్రం ఎలా నడుస్తుందో ఇద్దరూ మా హాల్లో నడిచి చూపించుకునేవారు. అరవై దాటిన ఇద్దరు మగాళ్ళు కార్పెట్ మీద కుంటుతూ అటూ ఇటూ పోతుంటే, నేను నీళ్ళాడిన కూతురికి పథ్యం వండుకుంటూ, "ఇదెక్కడి సంతరా దేవుడా" అనుకునేదాన్ని. నిజం చెప్పాలంటే అసూయే. పెళ్ళయిన నాటినుంచి నాతో అంత మాట్లాడలేదు ఆ మనిషి.

చలి మొదలయ్యాక ఓ మధ్యాహ్నం ఆయన చంకలో వీడియో క్యాసెట్ పెట్టుకొచ్చాడు. తన వీడియో మెషిన్ పాడైందిట. ఎప్పుడో టీవీలో వచ్చిన దొంగల సినిమా, వచ్చిన రోజున టీవీలోంచి క్యాసెట్‌లోకి పట్టుకున్నాడట. పాటలు పాడే పెద్ద పెద్దవాళ్ళు అందులో దొంగలుగా వేశారని, గుర్రపుస్వారీ వచ్చినవాళ్ళు కావాలంటే తనూ వెళ్ళాడని అల్లుడు నాకు చెప్పాడు. పాటలవాళ్ళు అన్నారు కదా అని నేనూ చెయ్యి తుడుచుకుని వచ్చి నిలబడ్డాను. ఏదీ? గంట చూసినా ఒక్కడు నోరు విప్పి పాడడే! బ్యాంకు కొల్లగొట్టారు, ఇద్దర్ని కాల్చారు, గుర్రాలెక్కారు, రైలు ఆపారు. పాడటం వచ్చినవాళ్ళచేత పాడించకుండా, పాపం చేతకాని తుపాకులు పట్టించారు. ఆ గడ్డపాయన తుపాకీ పట్టుకుంటే తంబుర పట్టుకున్నట్టే ఉంది. పైగా దొంగలు చస్తే మనం ఏడవాలట. "దొంగముండాకొడుకులకి ఏడుపెందుకు" అని నేను వంటింట్లోకి వచ్చేశాను. ఏరు దగ్గర మావారు ఆపమనడం, ఆయన వెనక్కి తిప్పడం, మళ్ళీ వెయ్యడం. "చూడవే, చూడవే, మన బావ!" అని మావారు కేక పెట్టారు. "చూస్తా ఉండండి, ఇక్కడ పాలు పొంగుతున్నాయి" అన్నాను. పాలు పొంగటంలేదు.

మళ్ళీ చూద్దామని ఆయన ఆ క్యాసెట్ మా ఇంట్లోనే వదిలి వెళ్ళాడు. టీవీ మీద పడి ఉండేది. ఇంతలో మనవరాలికి అయిదో నెల వచ్చింది, అన్నప్రాసన చేశాం. అల్లుడు స్నేహితుడొకడు చిన్న కెమెరాతో అంతా తీశాడు. ఆ గురువారం ఎవరో హైదరాబాద్ పోతున్నారు, వాళ్ళచేత మా అక్కకి పంపిస్తే అక్కడ అందరూ చూస్తారు. కెమెరాలోది పెద్ద క్యాసెట్‌లోకి ఎక్కించాలి. కొత్త క్యాసెట్ తెస్తానని అల్లుడు కారు తాళాలు తీశాడు. బయట మోకాళ్ళ దాకా మంచు. "ఎందుకు బాబూ, ఇంట్లో ఉంది కదా" అని టీవీ మీదది తీసి ఇచ్చాను. "ఇది ఎవరిది అత్తయ్యా?" అన్నాడు. "ఎవరిదీ కాదు, అవసరం లేనిదే, కానివ్వండి" అన్నాను.

మెషిన్లో పెడితే అది తీసుకోలేదు, బయటికి తోసేసింది. క్యాసెట్ వీపున ఒక మూల చిన్న పలక ఉంటుంది, అది విరిచేస్తే ఇక దానిమీద ఏదీ ఎక్కదు. పక్కింటాయన విరిచి పెట్టుకున్నాడు. అల్లుడు "ఇది కుదరదు అత్తయ్యా" అన్నాడు. కుదరకపోవడమేమిటి, మా ఊళ్ళో పాటల క్యాసెట్లు ఎన్ని అతికించి వాడుకోలేదు నేను! ఆ గుంట మీద సెల్లోటేపు ముక్క అంటించి ఇచ్చాను. చక్కా ఎక్కింది. "అత్తయ్య ఇంజనీరు" అని అల్లుడు మెచ్చుకుంటే, అందరూ నవ్వితే, నేనూ మురిసిపోయాను. పైన నీలం సిరాతో ఏదో గొలుసుకట్టు రాత ఉంటే దానిమీద తెల్లకాగితం అంటించి, నా చేత్తో "అన్నప్రాసన" అని రాశాను. తెలియక చేశానంటే ఈ వయసులో అబద్ధమాడినట్టే. ఆ పలక ఎందుకు విరుస్తారో నాకు తెలుసు. ఎవరూ చెరపకూడదని విరుస్తారు. తెలిసే అతికించాను. గుర్రాల బొమ్మ పోతే గుర్రాల పిచ్చి పోతుందని కూడా ఏ మూలో అనుకుని ఉంటాను.

శనివారం ఆయన వచ్చాడు, నెత్తిన టోపీతో, మంచి చొక్కాతో. మర్నాడు కూతురు, మనవడు వస్తున్నారట. తాత గుర్రమెక్కిన సంగతి చెబితే ఆ పిల్లాడు నమ్మడంలేదట. కూతురు మెషిన్ తెస్తోంది, చూపిస్తాను, క్యాసెట్ ఇవ్వమన్నాడు. మావారు టీవీ మీద చూశారు, కింద చూశారు, సోఫా దిండ్లు ఎత్తి చూశారు. ఆ తర్వాత నావైపు చూశారు. నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. నా ముఖంలో చదువుకున్నారు. ఆయన వైపు తిరిగి, "మిస్టేక్. మై మిస్టేక్. బేబీ ఫంక్షన్... ఐ రికార్డెడ్. సారీ బావా" అన్నారు. ఆయన మొత్తం పోయిందా అని అడిగాడు. మొత్తం అని మావారు తలాడించారు. ఆయన చాలాసేపు మావారి ముఖంలోకే చూస్తూ ఉన్నాడు. ఇంకేదో వింటానన్నట్టు నిలబడ్డాడు. తర్వాత "ఓకే, సర్" అని వెళ్ళిపోయాడు. బావా అనలేదు.

తలుపు పడగానే, "మీరెందుకలా చెప్పారు?" అన్నాను. "నువ్వని చెప్తే ఆడమనిషివి, ఏమీ అనలేక లోపల కుళ్ళిపోతాడే. నేనైతే నాలుగు తిడతాడు, తేలిపోద్ది. రేపో ఎల్లుండో వచ్చి తిడతాడు చూడు" అన్నారు. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆయన రేపూ రాలేదు, ఎల్లుండీ రాలేదు. అదివరకు మంచు పడ్డప్పుడల్లా తన మంచు మెషిన్‌తో తన వాకిలి తోసుకుని, ఆగకుండా మా వాకిలి కూడా తోసేసి, కిటికీలో ఉన్న మావారికి చెయ్యి ఊపి పోయేవాడు. ఆ వారం మంచు పడింది. మావారు చొక్కా గుండీలు పెట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డారు. మెషిన్ చప్పుడు దగ్గరికి వచ్చింది, మా హద్దు దాకా వచ్చింది, ఆగింది, తిరిగిపోయింది. గీత గీసినట్టు అటు నల్ల రోడ్డు, ఇటు తెల్ల మంచు. మావారు కోటు వేసుకుని పార తీసుకుని వెళ్ళారు. నేను వద్దంటే వినలేదు.

నెల తర్వాత మా అక్క ఫోను చేసింది. "ఏమేవ్, క్యాసెట్‌లో ఏం లేదే, అన్నీ గీతలే. పిల్ల ముఖం కిందికి జారిపోతా ఉంది" అంది. ఇక్కడ పట్టినవి అక్కడి మెషిన్లలో సరిగ్గా ఆడవట. అల్లుడు తల కొట్టుకున్నాడు, మర్చిపోయానని. కెమెరాలోదీ చెరిగిపోయింది, తిరిగి పంపించవే, ఇక్కడైనా అన్నప్రాసన చూసుకుంటాం అన్నాను. "ఇంకెక్కడ! రీలు పీకి జామచెట్టుకి కట్టాం, చిలకలు రావటంలేదు, బాగా పనిచేస్తోంది" అంది. అదే మా అక్క, నాకు అక్కే. ఏదీ వృథా పోనివ్వని వంశం మాది. ఫోను పెట్టేసి చాలాసేపు స్టవ్వు తుడిచాను. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

ఆ క్యాసెట్ పక్కింటాయనదని, వాళ్ళ నాన్న తప్పు తన మీద వేసుకున్నారని మా అమ్మాయికి అప్పుడు చెప్పాను. అది ఆ సినిమా కోసం ఎన్ని షాపులకి ఫోను చేసిందో, ఎక్కడా దొరకలేదు. "నేను వెళ్ళి అంకుల్‌కి ఎక్స్‌ప్లెయిన్ చేస్తానమ్మా, నాన్న కాదు, నువ్వని" అంది. నేను వద్దన్నాను. "ఇప్పుడు చెబితే మీ నాన్న అబద్ధాలకోరని తేలుతుంది. ఆయన పరువు తియ్యకు" అన్నాను. ఎంత బాగా పనికొచ్చిందో ఆ మాట. మావారి పరువు పేరు చెప్పి నా ముఖం దాచుకున్నాను. అది రెండోసారి అడిగినప్పుడు ఎండ రానీ అన్నాను. మూడోసారి అడగలేదు. నేను మాత్రం గిన్నెలు కడుగుతూ, కుళాయి చప్పుడులో, "ఐ డిడ్. నాట్ హిమ్" అని చెప్పుకునేదాన్ని. నాలుగు మాటలు. కంచె దాకా నలభై అడుగులు.

అలా మూడు చలికాలాలు పోయాయి. మావారు కిటికీ మానలేదు. మెషిన్ చప్పుడు విన్నప్పుడల్లా కొంచెం ముందుకి వంగేవారు. మనవరాలు నడక నేర్చి, ఒళ్ళో ఎక్కి గుర్రం ఆడమంటే మోకాళ్ళు ఎగరేసేవారు గానీ, నాలుకతో డెక్కల చప్పుడు చెయ్యమంటే చేసేవారు కాదు. మూడో ఏడు మార్చిలో, పొద్దున్నే స్నానం చేసి చొక్కా వేసుకుని గుండీలు పెట్టుకుంటూ పోయారు. మూడు గుండీలు పెట్టుకున్నారు. మిగతావి నేను పెట్టాను.

ఇక్కడ శవాన్ని ఇంట్లో ఉంచనివ్వరు. అంత్యక్రియలు చేసేవాళ్ళ హాల్లో పూలు పెట్టి, కుర్చీలు వేసి, పది గంటలకి మొదలుపెట్టి పన్నెండింటికి ముగించమన్నారు. పక్కింటాయన వచ్చాడు. నల్లకోటు వేసుకుని, టోపీ చేతిలో పట్టుకుని వెనక వరసలో నిలబడ్డాడు. అందరూ చూసి పోయాక దగ్గరికి వచ్చి మావారి ముఖం చూసి, నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు. నేను చెయ్యి పట్టుకోలేదు. మూడేళ్ళు దాచుకున్న నాలుగు మాటలు అప్పుడు వచ్చాయి. "ఐ డిడ్. నాట్ హిమ్" అన్నాను. ఆయనకి ఏమిటో అర్థంకాదేమోనని మా అమ్మాయి క్యాసెట్ సంగతి విడమరిచి చెప్పింది. ఆయన తల ఊపాడు. నెమ్మదిగా ఏదో చెప్పాడు. చెప్తుంటే మా అమ్మాయి ఏడవడం మొదలెట్టింది. ఏమన్నాడే, ఏమన్నాడే అని దాని భుజం కుదిపాను.

"ఆ రోజే తెలుసంటమ్మా. నాన్న ఆ వీడియో మెషిన్‌ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదంట. ఆన్ చెయ్యడానికి కూడా అంకుల్ వంకే చూసేవారంట. ఆయన రికార్డ్ చెయ్యడమేంటి అనుకున్నారంట. క్యాసెట్ పోయినందుకు కాదమ్మా, ఫ్రెండ్ అయ్యుండి మొహం మీద అబద్ధం ఎందుకు చెప్పారా అని. వచ్చి నిజం చెప్తారని వెయిట్ చేశారంట."

నిజమే. పదిమంది కూర్చున్న బస్సుని ఘాట్ రోడ్డులో తిప్పిన చెయ్యి, టీవీ రిమోట్ ముట్టుకుంటే పేలుతుందన్నట్టు దూరంగా పెట్టేది. నాకు తెలియని సంగతా అది? నాకు తెలుసు, పక్కింటాయనకి తెలుసు. తన అబద్ధం నిలవదని తెలియనిది మావారికొక్కరికే. వచ్చి తిడతాడని ఈయన ఇటు, వచ్చి చెప్తాడని ఆయన అటు. ఆ ఏడు వేసవిలోనే ఆయన ఇల్లమ్ముకుని కూతురి దగ్గరికి పోయాడు. మళ్ళీ కనపడలేదు.

పిల్ల పేపర్ రాసుకుంటోంది, దొంగల వేషం పాటగాళ్ళకి ఎందుకు నప్పిందో రాయాలట. నన్నూ అడిగింది. ఏమో తల్లీ అన్నాను. కాలమే అన్నీ మాన్పుతుందని నాతో చాలామంది చెప్పారు, ఆ మాట నాకెప్పుడూ ఎక్కలేదు. మూడు చలికాలాలు ఎంత పొడుగో కిటికీ దగ్గర కూర్చున్న మనిషికి తెలుసు. వాటిని నా ముఖం దాచుకోవడానికి వాడింది నేను. అవి నావి కావు.